పదిహేను పౌన్ల కారు

పాతబడిన వస్తువుకు వెల తగ్గడం లోకసహజం. కొన్నవెలకు పదేండ్ల తరువాత కూడా అమ్ముడుపోయేవి బంగారం, భూమి వంటివి కొద్దిమాత్రమే. మోటారు కారు విషయంలో ఈ నియమం మరింత కఠినం. అది అంగడి గడప దాటి వీధిలోకి వచ్చిన దినముననే దాని వెలలో కొంత భాగం కరిగిపోతుంది. ఏటేటా మరికొంత తరుగుతుంది. తుదకు అది పాత ఇనుము కొనే వాని తక్కెడలోకి చేరుతుంది.

అయితే ఈ నియమానికి లొంగని కార్లు కొన్ని లేకపోలేదు. టాపు వెనుకకు మడిచి, ఇద్దరు మాత్రమే కూర్చుని, ముఖానికి గాలి తగులుతుండగా పోయే చిన్న స్పోర్ట్సు కార్లు అట్టివి. అందులోనూ ఎనిమిది కోణాల చట్రంలో ఎం.జి. అనే రెండక్షరాల ముద్ర గల పాత కారు ఎక్కడ కనిపించినా చూడవచ్చే వారు ఉంటారు. కొనవచ్చే వారూ ఉంటారు. వారిలో చాలమందికి ఆ ముద్ర వెనుకనున్న మనిషి పేరు తెలియదు. అతడు సెసిల్ కింబర్. ఆ కంపెనీ అతని సొత్తు కాదు. ఆ రెండక్షరాలు అతని పేరులోనివి కావు. జీవితాంతమూ జీతానికి పనిచేసిన ఉద్యోగి అతడు. అయినప్పటికీ ఆ కారు అతనిదే.

కింబర్ 1888వ సంవత్సరం ఏప్రిల్ 12వ తేదీన లండను నగరపు దక్షిణ భాగాన వెస్ట్ నార్వుడ్‌లో జన్మించినాడు. తండ్రిది అచ్చు సిరా తయారు చేసే వ్యాపారం. అతని బాల్యంలోనే కుటుంబం ఉత్తరాన మాంచెస్టరు ప్రాంతానికి తరలిపోయినది. స్టాక్‌పోర్టు గ్రామర్ స్కూలులో చదువు ముగించి, పగలు తండ్రి వ్యాపారంలో పనిచేస్తూ, సాయంకాలం సాంకేతిక పాఠశాలలో తరగతులకు హాజరైనాడు. పెద్ద పట్టాలేవీ అతనికి లేవు. ఆ కాలపు యువకులు అనేకుల వలెనే మోటారు సైకిలు మీద మోజు మాత్రం మిక్కుటంగా ఉండేది.

ఆ మోజే అతని జీవితాన్ని మలుపు తిప్పినది. 1910 ప్రాంతంలో అతడు నడుపుతున్న మోటారు సైకిలును ఒక కారు ఢీకొన్నది. కుడికాలు నుజ్జునుజ్జు అయినది. కాలు తీసివేయక తప్పదేమో అనుకున్నంత పని అయినది. నెలల తరబడి చికిత్సలు జరిగి కాలు దక్కినది గాని, రెండవ కాలికంటె పొట్టి అయినది. అటుపైన బ్రతికినన్నాళ్లు అతడు కుంటుతూనే నడిచినాడు. ప్రమాదానికి నష్టపరిహారంగా అతని చేతికి సుమారు 700 పౌన్లు వచ్చినవి. మోటారు సైకిలు ఇక తొక్కలేని ఆ యువకుడు 1913లో పది గుర్రాల శక్తి గల ఒక చిన్న సింగర్ కారు కొన్నాడు. కాళ్లకు దూరమైన వేగాన్ని చక్రాలు తిరిగి అందించినవి.

ఇక్కడనే ఇంటిలో చిక్కు వచ్చినది. అప్పటికి తండ్రి వ్యాపారం దెబ్బతిని ఉన్నది. కుమారునికి వచ్చిన పరిహారపు సొమ్మును వ్యాపారంలో పెట్టమని తండ్రి కోరినాడు. కుమారుడు అందుకు సమ్మతించలేదు. 1914లో ఇల్లు విడిచి, షెఫీల్డు సింప్లెక్సు అనే మోటారు కంపెనీలో ఉద్యోగానికి చేరినాడు. తండ్రి అతనితో మరల మాటలాడనే లేదు. ఎవరి పక్షాన న్యాయమున్నదో తేల్చడం సులభం కాదు. మునుగుతున్న వ్యాపారాన్ని కుమారుడు ఆదుకోవాలనుకున్న తండ్రిది తప్పని అనలేము. కాలు నుజ్జు చేసుకుని తెచ్చుకున్న సొమ్ముతో తన దారి తాను చూచుకున్న కుమారుడిదీ తప్పని అనలేము. మోటారు పనికి కింబర్ చెల్లించిన మొదటి వెల అదే. మరుసటి ఏడు, 1915లో, ఐరీన్ హంట్ అనే ఆమెను అతడు వివాహమాడినాడు.

యుద్ధకాలంలో రెండు మూడు కంపెనీలు మారి, 1919 నాటికి బర్మింగ్‌హాములో ఇ.జి. రిగ్లీ అనే కంపెనీకి చేరినాడు. అది ఇతర కార్ల కంపెనీలకు గేర్లు, ఇరుసులు చేసి ఇచ్చే కర్మాగారం. అందులో కింబర్ తన సొమ్ము కూడా పెట్టినాడు. రిగ్లీ వారు నమ్ముకున్న ఆంగస్ శాండర్సన్ అనే కార్ల సంస్థ కుప్పకూలగా, ఆ దెబ్బ వీరికీ తగిలినది. కింబర్ పెట్టిన సొమ్ము పోయినది. తండ్రికి ఇవ్వని సొమ్ము ఈ విధంగా పరులపాలైనది. అయితే అక్కడ ఉన్న కాలంలో అతనికి దక్కిన లాభం ఒకటి ఉన్నది. గేర్లు కొనే ఖాతాదారులలో ఒకడైన విలియం మారిస్‌తో పరిచయం కలిగినది.

విలియం మారిస్ ఆక్సుఫర్డు పట్టణంలో సైకిళ్లు బాగుచేస్తూ జీవితం ప్రారంభించి, బ్రిటనులో కెల్ల పెద్ద కార్ల కర్మాగారాలలో ఒకదానికి అధిపతి అయిన మనిషి. తరువాత లార్డ్ నఫీల్డ్ అయినది ఇతడే. కర్మాగారం గాక, కార్లు అమ్మి బాగుచేసే దుకాణాలు కూడా ఆయనకు ఆక్సుఫర్డులో ఉండేవి. వాటి పేరు మారిస్ గ్యారేజస్. ఆ పేరులోని మొదటి అక్షరాలే ఎం.జి. కింబర్ 1921లో ఆ దుకాణాలలో అమ్మకాల మేనేజరుగా చేరి, మరుసటి ఏడే జనరల్ మేనేజరు అయినాడు. అప్పటికి అతనికి 34 ఏండ్లు.

దుకాణం మేనేజరు చేయవలసిన పని వచ్చిన కార్లను వచ్చినట్లు అమ్మడం. కింబర్‌కు అది చాలలేదు. మారిస్ కౌలీ కారు గట్టిది, చవుకది, నమ్మదగినది. కాని అది సంసారపక్షపు కారు. దానిలో ఎక్కడానికి అనువు ఉన్నది గాని, ఎక్కాలనే ఉబలాటం లేదు. అదే చాసీ తీసుకుని, కమాను కట్టలను సవరించి, ఒడలిని క్రిందికి దించి, పైన తేలికైన అందమైన తొడుగు తొడిగితే ఏమవుతుందని అతడు ఆలోచించినాడు. ఈ ఆలోచనలో శాస్త్రమున్నది. బండి బరువు నేలకు ఎంత దగ్గరగా ఉంటే మలుపులలో అంత నిలకడగా ఉంటుంది. బరువు ఎంత తగ్గితే అదే ఇంజను అంత చురుకుగా లాగుతుంది. ఇంజను మార్చకుండానే బండి గుణం మార్చవచ్చునని కింబర్ గ్రహించినాడు.

1923లో అతడు ఆక్సుఫర్డులోని రావర్త్ అనే తొడుగుల పనివారి చేత కౌలీ చాసీల మీద ఆరు రెండు సీట్ల కార్లు చేయించినాడు. వెల 350 పౌన్లు. అవి అమ్ముడుపోవడం కష్టమైనది. అతడు వెనుకాడలేదు. 1924లో ఎనిమిది కోణాల ముద్రలో ఎం.జి. అక్షరాలు ట్రేడు మార్కుగా వెలసినవి.

1925వ సంవత్సరం ఈస్టరు పండుగకు లండను నుండి ఇంగ్లండు పడమటి కొసనున్న లాండ్స్ ఎండ్ వరకు కొండదారుల మీద సాగే ఓరిమి పరీక్ష ఒకటి ఉన్నది. దాని కొరకు కింబర్ ప్రత్యేకంగా ఒక కారు కట్టించినాడు. చాసీ వెనుక భాగాన్ని కోసి మార్చినారు. ఇంజను తలమీద కవాటాలు గలది. తొడుగు సన్నగా, వెనుక కొస దేలి, ఇద్దరికి మాత్రమే చోటు. దాని ఖర్చు 300 పౌన్లకు లోపే. కింబర్ స్వయంగా నడిపి బంగారు పతకం గెలుచుకున్నాడు. అంతకు ముందే ఎం.జి. పేరు మీద కొన్ని కార్లు అమ్మి ఉన్నప్పటికీ, తరువాతి కాలంలో ఈ కారుకే ఓల్డ్ నంబర్ వన్ అనే పేరు స్థిరపడినది. పరీక్ష ముగిసిన పిమ్మట కింబర్ దానిని ఒక మిత్రునికి 300 పౌన్లకు అమ్మివేసినాడు. పని తీరిన కారును దాచుకునే భోగం ఒక దుకాణపు మేనేజరుకు ఎక్కడిది?

కింబర్‌కు నిజమైన విజయం 1928 అక్టోబరులో లండను ఒలింపియా ప్రదర్శనలో లభించినది. ఆనాడు బెంట్లీ వంటి పేరుగల స్పోర్ట్సు కార్ల వెల వేయి పౌన్ల పైమాట. అవి ప్రభువుల బిడ్డల వినోదాలు. కింబర్ ఆ ప్రదర్శనలో మిడ్జెట్ అనే చిన్న కారును నిలిపినాడు. చాసీ మారిస్ మైనర్ అనే చౌక కారుది. ఇంజను 847 ఘనపు సెంటీమీటర్లది. దాని శక్తి 20 గుర్రాలు మాత్రమే. తొడుగు పలుచని చెక్క మీద బిగించిన గుడ్డ. టాపు మడిచే గుడ్డ టాపు. వెల 175 పౌన్లు. ఇంత చిన్న ఇంజనుతోనే అది గంటకు 60 మైళ్లు దాటి పోయేది. గుమాస్తాలు, యువ ఉద్యోగులు, విద్యార్థులు దానిని కొన్నారు. అట్టి కార్లు మూడువేలకు పైగా తయారైనవి. వేగపు సంతోషాన్ని ధనికుని దొడ్డి నుండి విడిపించి సామాన్యుని వాకిట నిలిపినది ఈ మిడ్జెట్టే అనడం అతిశయోక్తి కాదు.

పని పెరిగి పాత చోటు చాలలేదు. 1929లో ఆక్సుఫర్డుకు సమీపాన అబింగ్డన్ పట్టణంలో ఒక తోళ్ల కర్మాగారపు భవనానికి ఎం.జి. తరలినది. 1930లో అది ప్రత్యేక కంపెనీగా ఏర్పడినది. ఆ కర్మాగారపు టెలిఫోను నంబరు 251. కొత్త రకం కారు మొదలుపెట్టినప్పుడు చాసీ సంఖ్యలను ఒకటితో గాక 0251తో ప్రారంభించడం అక్కడ ఆచారమైనది. పాత ఎం.జి. కొనదలచిన వారు నేటికీ చాసీ రేకును తుడిచి చూచి, ఆ సంఖ్యకు తమ కారు ఎంత దూరాన ఉన్నదో లెక్కించుకుంటారు.

తరువాతి అయిదేండ్లు కింబర్ జీవితంలో పండుగ దినాలు. 1931 ఫిబ్రవరిలో జార్జి ఐస్టన్ ఫ్రాన్సులోని మోంట్లేరీ బాటమీద 750 ఘనపు సెంటీమీటర్ల తరగతిలో మొట్టమొదటిసారిగా గంటకు 100 మైళ్ల వేగం దాటినది ఎం.జి. కారుతోనే. 1933లో ఇటలీ దేశపు వేయి మైళ్ల పందెంలో ఎం.జి. జట్టు తన తరగతిలో గెలిచి, జట్టు బహుమతి కూడా పొందినది. ఆ ఏడే ఇటలీ వీరుడు నువోలారి ఐర్లండులోని ఆర్డ్స్ బాటమీద టూరిస్ట్ ట్రోఫీని ఎం.జి. నడిపి గెలుచుకున్నాడు. పందెంలో విరిగిన భాగం ఏదో, ఎందుకు విరిగినదో అబింగ్డన్‌లో పరీక్షించి, మరుసటి ఏడు అమ్మే కార్లలో ఆ లోపం సవరించేవారు. పందెపు బాట కింబర్‌కు వినోదశాల కాదు, ప్రయోగశాల.

ఈ పండుగ దినాలలోనే, 1932 ప్రాంతంలో, మాంచెస్టరులోని పాత ఇనుము దొడ్డి ఒకదానిలో తుక్కుగా పడియున్న ఒక పాత కారు ఎం.జి. కంపెనీ వారి కంట పడినది. అది 1925 నాటి ఓల్డ్ నంబర్ వన్. 300 పౌన్లకు అమ్మిన కారును 15 పౌన్లిచ్చి తిరిగి కొన్నారు. అప్పటి బజారు లెక్కలో దాని విలువ అంతే. ఆ కారు నేడు ఇంగ్లండులో గేడన్ వద్ద గల బ్రిటిషు మోటారు ప్రదర్శనశాలలో ఉన్నది. బజారు వెలకూ విలువకూ ఉన్న దూరాన్ని ఇంతకంటె స్పష్టంగా చెప్పగల దృష్టాంతం అరుదు.

ఆ సమయానికి కింబర్ స్వంత భవిష్యత్తు మీద కూడా నీడలు కమ్ముకుంటున్నవి. 1935లో మారిస్ తన స్వంతంగా ఉంచుకున్న ఎం.జి. కంపెనీని మారిస్ మోటార్స్ అనే పెద్ద సంస్థకు అప్పగించినాడు. ఆ సంస్థను నడిపే లియొనార్డ్ లార్డ్ లెక్కల మనిషి. పందేలు ఖర్చు తప్ప మరేమీ కావని అతని అభిప్రాయం. పందెపు విభాగం మూతపడినది. కార్లను రూపొందించే పని కూడా అబింగ్డన్ నుండి కౌలీకి పోయినది. కింబర్ పదవి మిగిలినది, అధికారం తరిగినది. అయినా అతడు కినిసి కూర్చోలేదు. మారిస్ సంస్థ వారి సాధారణ భాగాలతోనే 1936లో టి.ఎ. అనే కొత్త మిడ్జెట్ వెలువడినది. 1939 మేలో గోల్డీ గార్డ్‌నర్ జర్మనీలోని డెస్సౌ వద్ద 1100 ఘనపు సెంటీమీటర్ల ఎం.జి. కారును గంటకు 200 మైళ్లకు పైగా నడిపినాడు. ఈ మధ్యకాలంలోనే, 1938లో, అనారోగ్యంతో బాధపడుతుండిన ఐరీన్ మరణించినది. కష్టకాలం నుండి తోడుండిన ఇల్లాలు పోవడం కింబర్‌కు పెద్ద దెబ్బ. ఆ ఏడే అతడు మరల వివాహమాడినాడు.

రెండవ ప్రపంచయుద్ధం రాగానే కార్ల తయారీ నిలిచిపోయినది. కర్మాగారం ఖాళీగా ఉండరాదని, పనివారు చెదరిపోరాదని కింబర్ స్వయంగా ప్రయత్నించి, ఆల్బెమార్ల్ అనే యుద్ధ విమానపు ముందు భాగం తయారు చేసే పని సంపాదించినాడు. పైవారి అనుమతి ముందుగా తీసుకోలేదన్నది అతనిపై మోపిన నేరం. 1941 నవంబరులో అతనిని ఉద్యోగం నుండి తొలగించినారు. ఇరువది ఏండ్ల సేవ ఆ విధంగా ముగిసినది. తాను పెంచిన కర్మాగారంలో అతనికి వాటా లేదు. తాను నిలబెట్టిన పేరు మీద హక్కు లేదు. పాతబడిన కారును వదిలించుకున్నట్లే అతనినీ వదిలించుకున్నారు.

ఆ తరువాత మరొక తొడుగుల కంపెనీలోను, అటుపైన స్పెషలాయిడ్ అనే పిస్టన్ల కంపెనీలోను అతడు పనిచేసినాడు. 1945 ఫిబ్రవరి 4వ తేదీ ఆదివారం సాయంకాలం, కంపెనీ పనిమీద లండను కింగ్స్ క్రాస్ స్టేషనులో రైలు ఎక్కినాడు. స్టేషను దాటగానే సొరంగంలో ఎగుడు దారి. అక్కడ కొత్తగా మార్చిన పట్టాల మీద ఇంజను చక్రాలు జారి, రైలు ముందుకు పోలేక వెనుకకు దొర్లినది. చీకటిలో ఆ సంగతి డ్రైవరుకు తెలియలేదు. కడపటి పెట్టె పట్టాలు తప్పి సిగ్నలు స్తంభాలకు కొట్టుకున్నది. చనిపోయినవారు ఇద్దరే. వారిలో కింబర్ ఒకడు. అతనికి 56 ఏండ్లు. జీవితమంతా వేగాన్ని భద్రంగా నడపడం ఎట్లో ఆలోచించిన మనిషి, మెల్లగా వెనుకకు దొర్లిన రైలులో మరణించినాడు.

యుద్ధం ముగిసిన ఆ సంవత్సరమే అబింగ్డన్‌లో కార్ల తయారీ తిరిగి మొదలైనది. మొదట వెలువడిన టి.సి. మిడ్జెట్, కింబర్ కాలపు కారుకు కొద్దిపాటి మార్పులు చేసినదే. 1949 నాటికి 10,000 కార్లు అమ్ముడుపోయినవి. అందులో సుమారు రెండువేలు అమెరికాకు చేరి, ఆ దేశంలో చిన్న స్పోర్ట్సు కారు మీద మోజు రేకెత్తించినవి. 1955లో ఎం.జి.ఎ., 1962లో ఎం.జి.బి. వచ్చినవి. మొదటి రకం లక్షకు పైగాను, రెండవ రకం అయిదు లక్షలకు పైగాను తయారైనవి. వీటిలో ఏ ఒక్కటీ కింబర్ చూడలేదు. కాని సాధారణ కారు భాగాలతో, సామాన్యునికి అందే వెలకు, టాపు మడిచే చురుకైన కారు చేయాలన్న సూత్రం అతనిదే. 1980 అక్టోబరులో అబింగ్డన్ కర్మాగారం మూతపడినది. ముద్ర మాత్రం చేతులు మారుతూ వచ్చి, 2005 నుండి చైనా సంస్థల చేతిలో ఉన్నది. 2019 నుండి మన దేశంలో గుజరాతులోని హాలోల్ వద్ద తయారైన కొత్త కార్ల మీద కూడా అదే ఎనిమిది కోణాల ముద్ర కనిపిస్తూ, హైదరాబాదు వీధులలోనూ తిరుగుతున్నది.

పాత ఎం.జి.ని కొనదలచిన వారికి కింబర్ చరిత్రలోనే కొన్ని సూచనలు ఉన్నవి. టి రకపు కార్లలో పై రేకుల లోపల ఆష్ కర్రతో చేసిన చట్రం ఉంటుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల కర్ర పుచ్చితే తలుపులు సరిగా పడవు. కనుక మొదట తలుపు తెరచి మూసి చూడవలెను. ఎం.జి.బి.లో వేరే చాసీ లేదు; ఒడలే చాసీ. తలుపుల క్రింది పట్టెలు తుప్పుపట్టితే బండి బలమే పోతుంది. టాపు లేని కారుకు ఆ పట్టెలే వెన్నెముక. రంగు మెరుగు చూచి మోసపోరాదు. క్రిందికి వంగి చూడవలెను. 2021 జూలైలో భారత ప్రభుత్వం 50 ఏండ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించి, వి.ఎ. అక్షరాలతో నంబరు ఇచ్చే ఏర్పాటు చేసినది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించినది. చాసీ, ఒడలు, ఇంజను మూలరూపంలో గణనీయంగా మారి ఉండరాదని కూడా ఆ నిబంధనలలో ఉన్నది. పాత వస్తువు విలువ దాని నిజాయితీలోనే ఉన్నదని ప్రభుత్వపు చట్టం కూడా ఒప్పుకున్నదన్నమాట.

హైదరాబాదు నగరానికి ఉత్తరాన జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలలో లేతు ముందు నిలబడి, ఎవరి పేరు మీదనో అమ్ముడుపోయే యంత్రాలకు భాగాలు చేసే పనివారు వేలకొలది ఉన్నారు. రిగ్లీ వారి గేర్ల కర్మాగారంలో కింబర్ స్థితీ అటువంటిదే. పెద్ద పట్టా లేదు, పెట్టుబడి పోయినది, కాలు కుంటిది, తండ్రి పలుకడు. అట్టి మనిషి పరుల దుకాణంలో, పరుల చాసీ మీద, పరుల పేరుతో చేసిన పని తొంబది ఏండ్లు దాటినా చెడకుండా నిలిచినది. విద్యార్థులు గ్రహించవలసిన సంగతి ఇదే. వస్తువు మీద పేరు ఎవరిదైనా కావచ్చు. దానిలోని పనితనం మాత్రం చేసినవానిదే. దానిని ఎవరూ ఉద్యోగం నుండి తొలగించలేరు. తక్కెడలో పదిహేను పౌన్లు తూగిన ఆ పాత కారు నేటికీ ఆ మాటకు సాక్ష్యంగా నిలిచి ఉన్నది.